హైదరాబాదు దారుల నుంచి లండన్ దాకా.. థగ్గుల కథ చెప్పిన మెడోస్ టేలర్

శేరిలింగంపల్లి: సాయంత్రం ఆరు దాటితే రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్ల మీద జనం పోటెత్తుతారు. మెడలో గుర్తింపు కార్డు, వీపున సంచి. రైలులో నిలబడేందుకు కాస్త చోటు దొరకగానే కొందరు ఫోన్లో పాటలు వింటారు, కొందరు నవల తెరుస్తారు. ఆ నవలల్లో ఉత్కంఠ కథలకు ఉన్న గిరాకీయే వేరు. ఒక దేశంలో పన్నిన కుట్ర, మరో దేశంలో పేలిన బాంబు, రెండింటి నడుమ మారువేషంలో తిరిగే మనిషి.. ఇవి ఉంటే చాలు, దిగవలసిన స్టేషను దాటిపోయినా తెలియదు. ఈ రుచి తెలుగువారికి కొత్త కాదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు సృష్టించిన షాడో అద్దె పుస్తకాల దుకాణాల్లో ఒక తరాన్నే పెంచారు.

అయితే ఈ కోవకు చెందిన రచనల్లో తొలినాటి నవల ఒకటి హైదరాబాదు రాజ్యపు దారుల మీదనే పుట్టిందన్న సంగతి నేటి పాఠకుల్లో అనేకులకు తెలియదు. సాటి బాటసారులుగా నటించి ప్రయాణికుల ప్రాణాలు తీసే రహస్య ముఠాల కథ అది. 1839లో లండన్‌లో అచ్చయిన ఆ ఇంగ్లిషు నవల పేరు ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’. రచయిత కల్నల్ ఫిలిప్ మెడోస్ టేలర్. పుట్టింది ఇంగ్లండ్‌లోనే అయినా ఆయన ఉద్యోగ జీవితం ఆరంభమైంది నిజాం కొలువులో.

కథానాయకుడు హైదరాబాదుకు వచ్చే ఘట్టంలో చార్మినార్, మక్కా మసీదు, హుస్సేన్‌సాగర్ కనిపిస్తాయి. హుస్సేన్ షా వలీ దర్గా ప్రస్తావన కూడా వస్తుంది. ఆ దర్గా నేడు హైటెక్ సిటీకి కూతవేటు దూరంలో, మణికొండ ఆకాశహర్మ్యాల నడుమ ఉంది. దాని చుట్టూ ఉన్న భూములపై సాగిన వివాదంలో 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వానికి అనుకూలంగా తీర్పు చెప్పింది. భూమి ధరల వార్తల్లో నలిగే ఆ పేరు రెండు శతాబ్దాల కిందట లండన్ పాఠకులను ఉలిక్కిపడేలా చేసిన కథలో ఒక మజిలీ.

పదిహేనేళ్లకే పడవ ప్రయాణం

టేలర్ 1808 సెప్టెంబరు 25న లివర్‌పూల్‌లో జన్మించారు. తండ్రి వర్తకుడు. వ్యాపారం దెబ్బతినడంతో కుమారుడి చదువు అర్ధంతరంగా ఆగిపోయింది. బొంబాయిలోని ఒక వర్తక సంస్థలో చేరితే మున్ముందు వాటా దక్కుతుందన్న ఆశతో పదిహేనేళ్ల బాలుడిని 1824లో ఓడ ఎక్కించారు. నెలల తరబడి సముద్రంపై ప్రయాణించి బొంబాయి చేరిన కుర్రవానికి నిరాశే ఎదురైంది. ఆ సంస్థ అప్పటికే ఇబ్బందుల్లో చిక్కుకుంది. చెప్పిన మాటకూ, చూసిన వాస్తవానికీ పొంతన లేదు.

బొంబాయి ప్రభుత్వంలో ఉన్నత పదవిలో ఉన్న ఒక బంధువు ఆదుకోవడంతో అదే ఏడాది నిజాం సైన్యంలో చిన్న అధికారిగా చోటు దొరికింది. అది ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం కాదు. కంపెనీ కొలువులోని అధికారులకు ఉండే హోదా, పదోన్నతి, పింఛను భరోసా నిజాం కొలువులోని ఇంగ్లిషు వారికి ఉండేవి కావు. ఈ వెలితి టేలర్‌ను జీవితాంతం వెన్నాడింది. ఎంత పని చేసినా పేరు మరొకరికి పోయే స్థానం ఆయనది.

ఆ వెలితిని భాషతో పూడ్చుకున్నారు. ఉర్దూ, పారశీకం, మరాఠీ పట్టుదలతో నేర్చుకున్నారు. కచేరీ వ్యవహారాల్లో దుబాసీ అవసరం లేకుండా రైతుతో రైతు మాట, నవాబుతో నవాబు మాట మాట్లాడగలిగేవారు. హైదరాబాదులో పేరుమోసిన వడ్డీ వ్యాపారి విలియం పామర్ కుమార్తె మేరీని వివాహమాడారు. పామర్ తండ్రి ఇంగ్లిషు సేనాని, తల్లి ఉత్తర హిందుస్థానానికి చెందిన బేగం. నిజాం ప్రభుత్వానికి భారీ వడ్డీలకు అప్పులిచ్చిన పామర్ కంపెనీ వ్యవహారం అప్పటి గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ పదవికే ఎసరు తెచ్చింది. కోఠీ రెసిడెన్సీ, చార్మినార్ సమీపంలోని దివాను దేవిడీ, కలకత్తా, లండన్ నడుమ నడిచిన ఆ రాజకీయం ఏ కుట్ర నవలకూ తీసిపోదు. ఆ కుటుంబంలోకే టేలర్ అల్లుడిగా అడుగుపెట్టారు.

దారిలో మాయమైన మనుషులు

ఇరవై ఏళ్లు నిండకముందే టేలర్‌కు హైదరాబాదుకు పశ్చిమాన తుల్జాపూర్, నల్దుర్గ్ వైపు విస్తరించిన ప్రాంతంలో పోలీసు బాధ్యతలు అప్పగించారు. అవి రైళ్లు లేని రోజులు. వర్తకులు, సిపాయీలు, యాత్రికులు కాలినడకన, గుర్రాలపై, ఎడ్లబండ్లపై గుంపులుగా సాగేవారు. ఇల్లు వదిలిన మనిషి తిరిగి వచ్చేందుకు నెలలు పట్టేది. రాకపోతే పులి తిన్నదో, జ్వరం వచ్చిందో, వేరే ఊళ్లో స్థిరపడ్డాడో అనుకుని ఇంటివారు ఏడ్చి ఊరుకునేవారు. ఎవరికి ఫిర్యాదు చేయాలో కూడా తెలియని కాలం.

సరిగ్గా ఆ కాలంలోనే, 1830 మే నెలలో, మద్రాసు సుప్రీంకోర్టు దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్య కాశీకి బయలుదేరి హైదరాబాదు మీదుగా ఉత్తరాదికి సాగిపోయారు. పెద్ద పరివారాన్ని వెంటబెట్టుకుని ఆయన చేసిన యాత్ర 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది. అంతటి కలిగినవారు మందీ మార్బలంతో నడిచిన దారులే అవి. ఒంటరి బాటసారికి ఎలాంటి రక్షణా ఉండేది కాదు.

తన పరిధిలోని రహదారుల పక్కన మృతదేహాలు బయటపడుతున్న విషయాన్ని టేలర్ గమనించారు. గొంతు నులిమిన ఆనవాళ్లే తప్ప కత్తి గాట్లు లేవు. ఫలానా బృందం ఫలానా ఊరి దాకా కనిపించి ఆ తర్వాత మాయమైందని ఆరా తీస్తే తెలిసేది. కూపీ లాగుతున్న తరుణంలోనే ఆయనను పోలీసు పని నుంచి తప్పించి తిరిగి రెజిమెంటుకు పంపించారు. దర్యాప్తు అక్కడితో ఆగిపోయింది.

మరికొన్నాళ్లకు మధ్య హిందుస్థానంలో విలియం స్లీమన్ అనే కంపెనీ అధికారి థగ్గుల ముఠాల గుట్టు రట్టు చేశారు. పట్టుబడినవారు అప్రూవర్లుగా మారి చెప్పిన వివరాలతో దక్కన్‌లోనూ తవ్వకాలు జరిగాయి. టేలర్ గస్తీ తిరిగిన దారుల పక్కనే గోతులు బయటపడ్డాయి. మరికొంత కాలం తనను అక్కడ ఉండనిస్తే ఈ రహస్యాన్ని మొదట వెలికితీసిన ఖ్యాతి తనకే దక్కేదన్న బాధను ఆయన వృద్ధాప్యంలోనూ మరువలేదు. స్లీమన్ పేరు చరిత్ర పుస్తకాలకు ఎక్కింది. టేలర్‌కు మిగిలింది కథ.

నేరస్థుడి నోట నవల

1830ల ఆరంభంలో థగ్గుల అణచివేత హైదరాబాదు రాజ్యానికీ విస్తరించింది. పట్టుబడినవారి వాంగ్మూలాలు నమోదు చేసే పనిలో భాషలు తెలిసిన టేలర్ పాలుపంచుకున్నారు. రోజుల తరబడి ఆ ఖైదీల ఎదుట కూర్చున్నారు. వారు చెప్పిన పద్ధతి వింటే వెన్నులో వణుకు పుట్టేది. బాటసారులతో స్నేహం చేసి, వారితో కలిసి వండుకుని తిని, దొంగల భయం ఉంది కనుక కలిసి నడుద్దామని తామే నమ్మబలికేవారు. అనువైన చోట విడిది చేసినప్పుడు నాయకుడు మామూలు మాటలాగే ఒక సంకేతం ఇచ్చేవాడు. మరుక్షణం చేతి రుమాళ్లు మెడలకు చుట్టుకునేవి. గోతులు ముందుగానే తవ్వి ఉండేవి. ఈ ముఠాల్లో హిందువులూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు. తెలుగులో టక్కరి అన్న మాట వినగానే ఎలాంటి మనిషి కళ్లముందు మెదులుతాడో, అంతకు నూరు రెట్లు ఘోరమైన మనిషిని ఇంగ్లిషువారు థగ్ అన్న మాటలో చూశారు.

జ్వరాలతో ఆరోగ్యం చెడి సెలవుపై స్వదేశానికి వెళ్లిన టేలర్ అక్కడ తన నవలను ప్రచురణకర్త చేతిలో పెట్టారు. 1839లో మూడు సంపుటాలుగా వెలువడింది. ఆ నవలకు బలం దాని నిర్మాణంలో ఉంది. ఇంగ్లిషు అధికారి అందులో దాదాపు మౌన శ్రోత. కథంతా అమీర్ అలీ అనే థగ్గు తన నోటితోనే చెబుతాడు. ఏడు వందల పందొమ్మిది హత్యల్లో తనకు పాలుందని అంటాడు. మధ్యలో పన్నెండేళ్లు చెరసాలలో ఉండకపోతే ఆ లెక్క వెయ్యికి చేరేదని కూడా చెబుతాడు. అతని మాటలో మర్యాద ఉంటుంది, భార్య అజీమాపై ప్రేమ ఉంటుంది, పశ్చాత్తాపం మాత్రం వెతికినా దొరకదు.

అమీర్ అలీ థగ్గుల ఇంట పుట్టినవాడు కాదు. పసితనంలో అతని తల్లిదండ్రులను థగ్గులే చంపారు. ముఠా నాయకుడు ఇస్మాయిల్ ఆ బిడ్డను చేరదీసి కన్నకొడుకులా పెంచి తన విద్యే నేర్పాడు. పెద్దవాడైన అమీర్ అలీ దారిదోపిడీల్లో భాగంగా తనకు తెలియకుండానే తోడబుట్టిన చెల్లెలిని బలిగొంటాడు. ఆ నిజం బయటపడే ఘట్టంలో పాఠకుడు హంతకుడిని అసహ్యించుకోవాలో, అతని కోసం కన్నీరు పెట్టాలో తెలియని స్థితిలో పడతాడు. నేడు ఉగ్రవాదుల కథలు రాసేవారు అనుసరిస్తున్న పద్ధతుల్లో కొన్ని అందులో అప్పుడే ఉన్నాయి. నేరస్థుడి కళ్లతో లోకాన్ని చూపడం, మనిషి ముష్కరుడిగా ఎలా మారతాడో అంచెలంచెలుగా విప్పడం, పక్కన నడిచేవాడే శత్రువు కావచ్చునన్న అనుమానాన్ని పుట పుటకూ పెంచడం అటువంటివే.

అచ్చు పూర్తికాకమునుపే ఈ కథ విక్టోరియా రాణి దృష్టికి వెళ్లింది. పుస్తకం వెలువడే దాకా ఆగలేక అచ్చవుతున్న కాగితాలను ఎప్పటికప్పుడు తెప్పించుకుని ఆమె చదివారు. నిజాం కొలువులోని ఒక చిన్న అధికారి రాత్రికి రాత్రి లండన్ విందుల్లో ముచ్చటయ్యారు. థగ్ అన్న హిందుస్థానీ మాట ఇంగ్లిషులో స్థిరపడిపోవడానికి స్లీమన్ నివేదికలతో పాటు ఈ నవల కూడా ప్రధాన కారణమైంది.

కథ మిగిల్చిన మచ్చ

నవల సాధించిన విజయానికి మరో పార్శ్వం ఉంది. దానిని విస్మరిస్తే టేలర్ జీవిత చిత్రం అసంపూర్ణమే.

థగ్గులపై నమోదైన సాక్ష్యాల్లో అధిక భాగం అప్రూవర్ల నుంచి వచ్చినవే. ఎదుట ఉరితాడు వేలాడుతుండగా, చెప్పే ప్రతి పేరూ తన ప్రాణాన్ని నిలబెడుతుందని తెలిసిన ఖైదీ మాట అది. 1836లో వచ్చిన చట్టం ప్రకారం ఫలానా హత్య చేశాడని రుజువు కాకపోయినా, థగ్గుల ముఠాకు చెందినవాడని తేలితే చాలు, యావజ్జీవ శిక్ష విధించవచ్చు. దారిదోపిడీలు, హత్యలు జరిగిన మాట వాస్తవం. గోతుల్లో దొరికిన ఎముకలు అబద్ధం చెప్పవు. కానీ దేశమంతటా ఒకే కట్టుబాటుతో, కాళికాదేవికి బలులిచ్చే ఒకే రహస్య మతంగా థగ్గులు పనిచేశారన్న చిత్రాన్ని కిమ్ వాగ్నర్ వంటి నేటి చరిత్రకారులు ప్రశ్నించారు. సైన్యాలు రద్దయి, సంస్థానాలు కుప్పకూలి, పొట్ట గడవక దారి తప్పిన వేర్వేరు ముఠాలన్నింటికీ ఒకే పేరు తగిలించారన్నది వారి వాదనల సారాంశం.

పేరు తగిలించడంతో ఆ వ్యవహారం ఆగలేదు. నేరం కొందరికి వంశపారంపర్య వృత్తి అన్న భావన పాలకుల మెదళ్లలో గట్టిపడింది. 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. పుట్టుకతోనే మనిషిని నేరస్థుడిగా లెక్కగట్టే ఆ చట్టం 1911 తర్వాత మద్రాసు రాజధానిలోనూ అమలైంది. బాపట్ల సమీపంలోని స్టువర్టుపురం ఆ చట్టం నీడన వెలసిన సెటిల్మెంటే. అక్కడి ఎరుకల కుటుంబాలు నిత్యం పోలీసుల ఎదుట హాజరు వేయించుకోవలసి వచ్చింది. 1952లో ఆ చట్టం రద్దయినా ఊరి పేరుకు అంటిన మచ్చ చాలాకాలం పోలేదు. ఆ పేరే ఆ తర్వాత తెలుగు ఉత్కంఠ నవలకూ, సినిమాకూ ముడిసరుకు అయింది. ఆ పిల్లలు బడిలో ఊరి పేరు చెప్పుకోవడానికి జంకిన రోజులు ఉన్నాయి.

హైదరాబాదుకు ఈ పాఠం పుస్తకాల్లోనిది మాత్రమే కాదు. అమీర్ అలీ కథలో కనిపించే మక్కా మసీదులోనే 2007 మే 18న బాంబు పేలింది. అదే ఏడాది ఆగస్టు 25న హుస్సేన్‌సాగర్ గట్టున లుంబినీ పార్కులో, కోఠీలోని గోకుల్ చాట్‌లో జరిగిన పేలుళ్లు నలభై మందికి పైగా ప్రాణాలను బలిగొన్నాయి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ దద్దరిల్లింది. ఆత్మీయులను కోల్పోయిన కుటుంబాలకు ఉగ్రవాదం కాలక్షేపం కథ కాదు. మక్కా మసీదు పేలుడు తర్వాత అనుమానంపై నిర్బంధానికి గురైన పాతబస్తీ యువకుల్లో పలువురిని న్యాయస్థానాలు నిర్దోషులుగా విడిచిపెట్టాయి. చెరలో గడిచిన రోజులను మాత్రం ఏ తీర్పూ తిరిగి ఇవ్వలేదు. భయం నిజమైనదే. ఆ భయం వేలు ఎవరివైపు చూపుతున్నదన్న ప్రశ్న కూడా అంతే నిజమైనది.

సురపురంలో మరో టేలర్

ఈ కథ ఇక్కడితో ముగిస్తే టేలర్‌కు అన్యాయం జరుగుతుంది. అనుమానాన్ని నవలగా మలిచిన ఆ మనిషే తన జీవితంలో పెద్ద భాగాన్ని నమ్మకం మీద నడిపారు.

సెలవు ముగించుకుని తిరిగివచ్చిన ఆయనకు 1841లో సురపురం సంస్థానంలో బాధ్యత అప్పగించారు. ఇంగ్లిషువారు షోరాపూర్ అని పిలిచిన ఆ ఊరు నేడు కర్ణాటకలోని యాద్గిర్ జిల్లాలో ఉంది. బేడ నాయకుల రాజ్యం అది. ఔరంగజేబు చివరి ముట్టడిని ఎదుర్కొన్న వీరులు వారి పూర్వికులు. టేలర్ చేరే నాటికి సంస్థానం అప్పుల్లో మునిగి, అంతఃపుర కలహాలతో అట్టుడుకుతోంది. రాజు కృష్ణప్ప నాయకుడు మరణించడంతో పసివాడైన వెంకటప్ప నాయకుడు వారసుడయ్యాడు. తల్లి రాణి ఈశ్వరమ్మకూ, దర్బారు వర్గాలకూ క్షణం పడేది కాదు.

పన్నెండేళ్ల పాటు టేలర్ ఆ సంస్థానాన్ని చక్కదిద్దారు. భూమి సర్వే చేయించి శిస్తు క్రమబద్ధం చేశారు. రోడ్లు వేయించారు. బోనాళ వద్ద చెరువును తీర్చిదిద్దారు. ఆయుధాలు ధరించి తిరిగే బేడ యోధులతో బలప్రయోగానికి దిగక వారి భాషలోనే మాట్లాడి ఒప్పించారు. జనం ఆయనను మహదేవ బాబా అని పిలుచుకున్నారు. ఊరి గుట్టపై ఆయన కట్టించుకున్న ఇల్లు టేలర్ మంజిల్‌గా నేటికీ ప్రసిద్ధం. అక్కడ ఉన్న కాలంలోనే భార్య మేరీ కన్నుమూశారు.

తీరిక వేళల్లో ఆయన దృష్టి పొలాల్లో వలయాకారంగా పేర్చి ఉన్న బండరాళ్లపై పడింది. జనం ఏవో పాత రాళ్లని వదిలేసిన వాటిని తవ్వించి, కొలతలు తీసి, బొమ్మలు గీసి, అవి చరిత్రకు పూర్వపు సమాధులని వ్యాసాలు ప్రకటించారు. దక్కన్ పురావస్తు పరిశోధనకు బాట వేసినవారిలో ఆయన ఒకరు. అటువంటి బృహచ్ఛిలాయుగపు ఆనవాళ్లే గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనూ బయటపడ్డాయి. ఐటీ సంస్థల అద్దాల గోడలకు అంత సమీపంలో ఆ రాళ్లు ఉన్నాయి.

పెంచిన చేతులే..

1853లో యుక్తవయస్కుడైన వెంకటప్ప నాయకుడికి సంస్థానాన్ని అప్పగించి టేలర్ సెలవు తీసుకున్నారు. అదే ఏడాది ఒప్పందంతో నిజాం నుంచి కంపెనీ చేతికి వచ్చిన నల్దుర్గ్ జిల్లా ఆయనకు అప్పగించారు. 1857లో తిరుగుబాటు చెలరేగినప్పుడు బీరార్‌లోని బుల్ఢానాకు పంపారు. వెంట సైన్యం లేదు. ఎలాగైనా నిలదొక్కుకోవాలన్న ఆదేశం మాత్రమే ఉంది. జనంతో ఉన్న చనువు, భాషపై పట్టు.. ఈ రెండింటితోనే ఆయన ఆ ప్రాంతాన్ని ప్రశాంతంగా నిలిపారు.

సురపురంలో మాత్రం పరిస్థితి చేయి దాటింది. తిరుగుబాటు దూతల రాకపోకలు, కంపెనీ అధికారులపై అసంతృప్తి, దర్బారులో వారివారి ఎత్తులు యువరాజును చుట్టుముట్టాయి. 1858 ఫిబ్రవరిలో వెంకటప్ప నాయకుడు బ్రిటిష్ సేనపై కత్తి దూశాడు. ఓటమి ఎదురవడంతో మారువేషంలో హైదరాబాదు చేరాడు. నగరంలో ప్రధాని సాలార్‌జంగ్ మనుషులు అతనిని పట్టుకుని రెసిడెంటుకు అప్పగించారు.

సికింద్రాబాదు చెరలో ఉన్న యువకుడిని చూసేందుకు టేలర్ వెళ్లారు. చిన్ననాటి నుంచి తనను అప్పా అని పిలిచిన పిల్లవాడు సంకెళ్లలో కనిపించాడు. కుట్ర వెనుక ఉన్న వారి పేర్లు చెబితే ప్రయోజనం ఉంటుందని అధికారులు ఆశించినా అతడు ఎవరి పేరూ బయటపెట్టలేదు. అప్రూవర్ల మాటలతో నవల అల్లిన రచయిత ఎదుట, అప్రూవర్ కావడానికి నిరాకరించిన ఒక యువకుడు నిలబడ్డాడు.

న్యాయస్థానం మరణశిక్ష విధించగా అది తొలుత ద్వీపాంతరవాసంగా, ఆ తర్వాత చెంగల్పట్టు కోటలో నాలుగేళ్ల నిర్బంధంగా తగ్గింది. సత్ప్రవర్తనతో తిరిగివస్తే సంస్థానం మళ్లీ దక్కే అవకాశమూ ఉండేది. కానీ దారిలో తొలి మజిలీల్లోనే కాపలా అధికారి పిస్తోలు పేలి వెంకటప్ప నాయకుడు మరణించాడు. అది ప్రమాదమో, ఆత్మాహుతో తేలలేదు. ఇరవై నాలుగో ఏట గండం ఉందని పుట్టినప్పుడే జోస్యం చెప్పారన్న సంగతి తల్లి ఒకప్పుడు టేలర్‌కు రహస్యంగా తెలిపింది. ఆ గండం గడవలేదు. సురపురం సంస్థానం అంతరించి 1860లో నిజాం రాజ్యంలో కలిసింది. కన్నడ నాట ఆ యువరాజును స్వాతంత్ర్య వీరుడిగా స్మరించుకుంటారు. పెంచిన చేతులతోనే టేలర్ తన ఆత్మకథలో అతని అంత్యఘట్టాన్ని రాయవలసి వచ్చింది.

చూపు మసకబారినా..

1860లో టేలర్ ఇండియా వీడారు. ఆ తర్వాత శివాజీ కాలాన్ని నేపథ్యంగా తీసుకుని 1863లో ‘తారా’, ప్లాసీ యుద్ధం నాటి ‘రాల్ఫ్ డార్నెల్’ 1865లో, 1857 నాటి ‘సీతా’ 1872లో వెలువరించారు. నూరేళ్లకొకటిగా 1657, 1757, 1857 సంవత్సరాల చుట్టూ అల్లిన నవలా త్రయం అది. ‘సీతా’లో ఒక హిందూ యువతినీ, ఇంగ్లిషు అధికారినీ భార్యాభర్తలుగా చూపడం తిరుగుబాటు తాలూకు పగ చల్లారని ఆ రోజుల్లో సాహసమే. 1869లో ప్రభుత్వం సీఎస్ఐ బిరుదునిచ్చి గౌరవించింది.

కంటిచూపు మందగిస్తున్న దశలో సాలార్‌జంగ్ ఆహ్వానంపై 1875లో ఆయన మరోసారి హైదరాబాదు వచ్చారు. యౌవనంలో ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన రాజ్యానికి వృద్ధాప్యంలో అతిథిగా రావడం ఆయనకు దక్కిన తృప్తి. ఇక్కడి జ్వరం మరోమారు పట్టుకుంది. తిరుగు ప్రయాణంలో ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని మెంటన్ పట్టణంలో 1876 మే 13న తుదిశ్వాస విడిచారు. కుమార్తె పూనికతో 1877లో ఆత్మకథ వెలువడింది. చాంద్‌బీబీ కథ చెప్పే నవల ‘ఎ నోబుల్ క్వీన్’ మరుసటి ఏడాది అచ్చయింది.

టేలర్ మరణించి నూట యాభై ఏళ్లు కావస్తోంది. థగ్గుల కథ నేటికీ ముద్రణ పొందుతూనే ఉంది. సురపురం చెరువు, బీరార్‌లో సైన్యం లేకుండా గడిచిన రోజులు, సంకెళ్లలోని పిల్లవాడిని చూసి తల్లడిల్లిన ముసలి అధికారి మాత్రం పరిశోధకుల పుస్తకాలకే పరిమితమయ్యారు. భయం చెప్పిన కథకు దొరికినంత మంది పాఠకులు నమ్మకం చెప్పిన కథకు దొరకలేదు.

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక రాయదుర్గం, మణికొండ, గచ్చిబౌలి రూపురేఖలే మారిపోయాయి. షేక్‌పేట, లింగంపల్లి మీదుగా పశ్చిమానికి సాగే పాత ముంబయి రహదారి నేడు వాహనాలతో కిక్కిరిసి ఉంటుంది. ఆ వైపు వెళ్లే మెట్రో, బస్సు ప్రయాణికుల్లో ఎవరో ఒకరు రోజూ ఏదో ఒక కుట్ర కథ చదువుతూనే ఉంటారు. చదవవలసిందే. ఉత్కంఠ నవల లోకంలోని చీకటి కోణాలను చూపుతుంది, తెలియని దేశాల గుట్టు విప్పుతుంది. పుస్తకం మూశాక పక్క సీటులోని అపరిచితుడిని చూసే చూపు మారిందా, లేదా అన్నది మాత్రం పాఠకుడు తనను తాను అడుగవలసిన ప్రశ్న. సాటి ప్రయాణికుడిలో హంతకుడిని చూపి ఖ్యాతి గడించిన టేలర్, నిజ జీవితంలో అపరిచితుల మధ్య వారి భాష నేర్చి, వారిని నమ్మి ముప్పై ఆరేళ్లు బతికారు.